మిగిలినయి

పొద్దుగూకె యాళ్లకు మిషన్ భుజానికేసుకుంట.
డీజిల్ల మందు కలిపి తాడు గుంజితె
దగ్గుకుంట లేస్తది.
జియాగూడ గల్లీలల్ల పోరగాండ్లు పొగెంబడి ఉరుకుతరు,
మబ్బు కిందికి దిగొచ్చిందని.
ముసలమ్మలు కొంగు ముక్కుకడ్డం బెట్టుకొని
"ఇంకింత కొట్టు బిడ్డా, మా ఇంటెనుక" అంటరు.
ఇరవై రెండేండ్ల సంది కొడుతున్న.

మొదట్ల దోమలు నూకల్లెక్క రాలేటివి.
ఇప్పుడు పొగలకెల్లే ఈదుకుంట వచ్చి
నా చెవుల్నే రాగం తీస్తున్నయి.
"అలవాటు పడ్డయిరా,
మనం కల్లుకు పడ్డట్టు" అంటడు జంగయ్య సారు,
పురానాపూల్ గోడ మీద చాయ్ ఊదుకుంట.

నేను గూడ గదే అనుకున్న,
ల్యాబుల నజ్మీన్ మేడం చూపెట్టేదాంక.

గొట్టం. లోపట మందు పూసిన కాగితం.
నూరు దోమలు, అన్నీ ఆడయే,
నేను పట్టుకొచ్చినయే, మూసీ ఒడ్డుకెల్లి.
గంట సేపు.
ఎనుక వేరే గొట్టంలకు మార్చి
చక్కెర నీళ్ల దూది బెట్టి
తెల్లారేదాంక ఇడిసిపెట్టాలె.

పొద్దుగాల లెక్క జూస్తె
తొంభయ్యారు ఎల్లెలుకల పడ్డయి.
నాలుగు దూది మీద కూసున్నయి,
ఏం గానట్టు
ఎనుక కాళ్లు లేపి దులుపుకుంట.

"ఇవి నేర్సుకున్నయా మేడం?"
"నేర్చుకోలేదు లింగన్నా.
కాగితాన్ని చూడకముందే ఇవి వేరు."

ఒక్క డ్రమ్ముల ఈదినయే,
ఒక్క తల్లి గుడ్లే కావచ్చు.
కానీ ఒకదాని నరంల తలుపు
పుట్టుకతోనే ఇసుమంత వంకర.
మందు తాళంచెవి దానికి పట్టదు.
మందు లేని కాలంల ఆ వంకర
ఎవ్వనికి గావాలె?
ఎవ్వరూ అడగని అవిటితనం
ఎన్ని తరాలు ఊకె మోసుకొచ్చినయో.

ఇరవై రెండేండ్లు చంపుతున్ననుకున్న.
జల్లెడ పడుతున్న.
బక్కయన్నీ కింద వోసి
గట్టియి ఏరి ఏరి
గల్లీ గల్లీకి పంచిపెట్టిన,
సర్కారు జీతం మీద.

లంగర్‌హౌజ్ చెరువు కట్ట మీద
నా చిన్నప్పుడు తూనీగలకు పేర్లు పెట్టినం.
మిరపపండు, పసుపుకొమ్ము, నీలిమందు,
పోలీసు, పెండ్లిపిల్ల,
ఇంకోటి యాది రాదు, రెక్కల మీద మసి ఉండేది.
దోమ పిల్లల్ని నీళ్లల్ల తినేది వాటి పిల్లలే.
దోమకు పది దినాలకో తరం.
తూనీగకు నెలలు, ఒక్కోసారి ఏడాది.
జల్లెడ ఇద్దరికీ ఒక్కటే,
ఆగేది మాత్రం ఒక్కరి కోసం గూడ ఆగదు.
మొన్న చూస్తె
మిరపపండు ఒక్కటే తిరుగుతున్నది,
దేని మీద వాలాల్నో తెల్వక.

మొగులయ్యను చెప్పాలె.
మా జోడీ. ఒక్క డ్యూటీ, ఒక్క టిఫిన్ డబ్బ.
ఇద్దరికీ ఒక్క వారంల డెంగీ.
నాకు నాలుగు దినాలు జరం, బొక్కల నొప్పులు, అంతే.
వాడు ఐదో నాడు
ఉస్మానియా వరండాల.
వాని బిడ్డ అడిగింది:
"మరి నీకేం గాలేదేంది కాకా?"
దోమల గురించి చెప్పస్తది గానీ
దానికి జవాబు చెప్పరాలే.
వాని తలుపేదో సరిగ్గనే ఉండె,
నాదెక్కడో వంకర.

నిన్న మిషన్ తాడు గుంజలే.
పారిన కూలర్లు, టైర్లు, కొబ్బరి చిప్పలు
ఒక్కొక్కటే వంచుకుంట పోయిన.
గోలెం కాడికి వస్తె
అవ్వ గడపల నిలబడ్డది చేతులు కట్టుకొని.
"పొగేది?"
"నీళ్లు వంపుదాం పట్టవ్వా, ఆ దిక్కు పట్టు."
పట్టింది, గులుక్కుంటనే:
"పొగ లేంది అదేం పనిరా,
పైసలు ఎట్లిస్తరు నీకు?"

నీళ్లు మోరీల వడ్డయి.
మణికట్టు మీద ఒకటి వాలింది.
కొట్టెటందుకు చెయ్యి లేపి
కాళ్ల మీది తెల్ల పట్టీలు లెక్కబెడుతున్న,
నువ్వెవ్వరి పిల్లవే అని.